ఆరో చేయి గట్టిదేనా

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి, గేటు దగ్గర వేలాడుతూ ఉండవలసిన అట్ట కాఫీగదిలో యూర్కి చేతిలో ఉంది.

"అందరూ వినండి," అన్నాడు యూర్కి, కప్పు మీద చెంచాతో టకటకా కొట్టి. ముప్ఫై మూడేళ్ళవాడు. ఎగుమతుల వ్యవహారాలు చూసే మేనేజరు. ఫ్యాక్టరీలో టై కట్టుకునేది అతనొక్కడే. "మన తెర్తు ఇంగ్లీషులో నోటీసు రాసింది. ‘విదేశీ అతిథులు దయచేసి తమ రాకను ఆఫీసులో దృఢపరచవలెను.’ అంటే ఏమిటంటే, వచ్చినవాళ్ళు ముందు ఆఫీసుకెళ్ళి నాలుగు బస్కీలు తీసి, కండలు చూపించి, అప్పుడు లోపలికి రావాలన్నమాట."

బల్ల చుట్టూ కూర్చున్న పదిహేనుమందీ నవ్వారు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు అర్థమై నవ్వారు, రానివాళ్ళు పక్కవాళ్ళని చూసి నవ్వారు. ఫోర్‌మన్ కౌకో మాత్రం యాలకుల బన్ను కాఫీలో ముంచుకుంటూ, "కండలు తీసుకురమ్మంటే తప్పేముందిరా, నీకు లేవనా?" అన్నాడు. మళ్ళీ నవ్వులు.

తెర్తు నవ్వలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ నోటీసు రాయడానికి ఆమె ఆదివారం మధ్యాహ్నమంతా నిఘంటువు ముందేసుకుని కూర్చుంది. వాళ్ళ ఫిన్నిష్ భాషలో ‘వహ్విస్తా’ అని ఒక క్రియ ఉంది. గోడని గట్టి చేసినా, మాటని గట్టి చేసుకున్నా ఆ ఒక్క క్రియే. ‘మీరు వచ్చినట్టు ఆఫీసులో చెప్పి ఖాయం చేసుకోండి’ అని రాయబోయి, నిఘంటువులో ఉన్న ఏడు ఇంగ్లీషు మాటల్లోంచి గోడకి వాడే మాట ఎంచుకుంది. అదీ ఆమె చేసిన నేరం.

కాఫీ మిగిలుండగానే కప్పు కడిగి బోర్లించి, హెల్మెట్ పెట్టుకుని షెడ్డులోకి వెళ్ళిపోయింది.

ఫిన్లండులో రాహె ఊరి రేవు పక్కన ఆ షెడ్డు. అందులో ఓడల ప్రాణరక్షక పడవలని నీళ్ళలోకి దించే ఇనుప చేతులు తయారవుతాయి. ఆ మార్చిలో ఎనిమిది చేతులు స్కాట్లండు ఓడ ఒకదానికోసం సిద్ధమవుతున్నాయి. ఆర్డరు ఇచ్చాక కొన్నవాళ్ళు పెద్ద పడవలు పెట్టుకోదలచి, కొత్త నక్షా పంపించారు. దాని ప్రకారం ప్రతి చేతికీ మోచేతి దగ్గర ఉండే ఇనుప పెట్టెలో, లోపల అడ్డంగా ఒక మందపాటి పట్టీ వెల్డింగ్ చేసి, ఆ తర్వాతే మూత వెయ్యాలి. మూత పడ్డాక లోపల పట్టీ ఉందో లేదో దేవుడికే తెలియాలి. అందుకే మూత వెయ్యకముందు ప్రతి పెట్టెలోనూ తలపెట్టి చూడడం తెర్తు పని. ఇరవై రెండేళ్ళు తనే వెల్డింగ్ చేసి, ఇప్పుడు పదేళ్ళుగా ఇతరుల వెల్డింగ్ పరీక్షిస్తోంది.

ఆరో చేతి దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

పెట్టెకి మూత పడి ఉంది. బూడిదరంగు పూత కూడా వేసేశారు. కిందటి మంగళవారం ఆమె టార్చి వేసి చూసినప్పుడు లోపల ఖాళీ. ఆ సంగతి రిపోర్టులో రాసి ఆఫీసులో ఇచ్చింది. ఆ తర్వాత ఎవరూ పరీక్షకి పిలవలేదు.

"కౌకో! ఆరు మూత ఎవరు వేశారు?"

కౌకో మెల్లగా వచ్చాడు. అరవైకి దగ్గరపడుతున్నవాడు, మోకాళ్ళు నొప్పులు. "మేమే. శుక్రవారం."

"పట్టీ ఎవరు వేశారు?"

"సాయంత్రం షిఫ్టువాళ్ళు వేసుంటారు. గురువారం ఆఫీసు నుంచి కబురొచ్చిందిగా, ఆరు గట్టి అయిందని."

"నువ్వు కళ్ళతో చూశావా?"

"గట్టి అయిందంటే అయిందనేగా. నీకు చూపించే ఉంటారనుకున్నా."

"నాకెవరూ చూపించలేదు."

తెర్తు జేబులోంచి చిన్న సుత్తి తీసింది. ముందు ఐదో చేతి పెట్టెని కొట్టింది. నిండు కుండని కొట్టినట్టు పొడిగా, పొట్టిగా మోగింది. తర్వాత ఆరుని కొట్టింది. మోత కొంచెం సాగింది. మళ్ళీ ఐదు, మళ్ళీ ఆరు. కౌకో టోపీ వెనక్కి నెట్టి చెవి ఒగ్గాడు.

"తేడా ఉంది," అన్నాడు చివరికి. "కానీ రంగు మందం వల్ల కూడా తేడా రావచ్చు. సుత్తి సాక్ష్యం ఆఫీసువాళ్ళు ఒప్పుకోరే తెర్తూ."

సాయంత్రం షిఫ్టు పెద్దకి ఫోన్ చేసింది. అతను నిద్రమత్తులో, "పట్టీయా? పగలువాళ్ళు వేశారనుకున్నామే," అన్నాడు.

*

యూర్కి బల్లమీద అన్నీ నేరుగా, వరసగా ఉంటాయి. తెర్తు బూట్లనుంచి కరిగిన మంచు నేలమీద చిన్న మడుగు కట్టింది. అతను ఆ మడుగునే చూస్తూ విన్నాడు.

"ఆరు సంగతి ముగిసింది. గురువారమే గట్టి అయింది," అన్నాడు.

"ఎవరు చేశారు?"

"కొన్నవాళ్ళు. ఇదిగో." ఫైలు తెరిచి రెండు ఫ్యాక్సు కాగితాలు చూపించాడు. "నీ రిపోర్టు నేనే ఇంగ్లీషులో పెట్టి పంపాను. ‘ఆరు ఇంకా గట్టి కాలేదు’ అని. వాళ్ళు రెండో రోజే ‘ఆరుని గట్టి చేస్తున్నాం’ అని జవాబిచ్చారు. నేను షెడ్డుకి చెప్పాను. ఇంకేం కావాలి?"

"స్కాట్లండులో కూర్చుని వాళ్ళెలా గట్టి చేస్తారు? పట్టీ ఇక్కడ వెయ్యాలిగా."

యూర్కి నుదురు రుద్దుకున్నాడు. "తెర్తూ, ఇంగ్లీషు ఉత్తరాల సంగతి నాకు వదిలెయ్. పొద్దున నోటీసు చూశాం కదా అందరం."

"మూత విప్పి చూద్దాం. రెండు గంటల పని."

"విప్పి, మళ్ళీ వేసి, మళ్ళీ రంగు పూసి, అది ఆరి... బుధవారం కొన్నవాళ్ళ తరఫున ఇన్నెస్ పరీక్షకి వస్తున్నాడు. అతని ముందు కోసిన పెట్టె పెట్టమంటావా? సుత్తి చప్పుడు నమ్ముకుని?" గొంతు తగ్గించాడు. "బుధవారం నువ్వు స్టోర్‌లో వెల్డింగ్ కడ్డీలు సర్దించు. అతిథితో నేను తిరుగుతాను. అందరికీ అదే మంచిది."

తెర్తు కదల్లేదు. "ఆ ఫ్యాక్సులు నాకు నకలు తీసివ్వు."

"ఎందుకు?"

"చదువుకుంటాను."

యూర్కి నవ్వాడు. కాని నకలు తీసి ఇచ్చాడు. "హోమ్‌వర్కా? చేసుకో," అన్నాడు.

*

మంగళవారం సాయంత్రం ఆరింటికి కార్మిక విద్యాలయంలో ఇంగ్లీషు క్లాసు. ప్రాథమిక పాఠశాల గదిలో, పిల్లల కుర్చీల్లో, మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్టు ఎనిమిదిమంది పెద్దవాళ్ళు కూర్చుంటారు. తెర్తు రెండో ఏడు చదువుతోంది. ఇంతవరకూ నేర్చుకున్నది దారి అడగడం, టీ తెమ్మనడం, తన ఇంట్లో పిల్లి ఉందని చెప్పడం.

ఆ రోజు పాఠం మొదలవకముందే వెళ్ళి ఫ్యాక్సు కాగితాలు టీచరు మార్కెత్త ముందు పెట్టింది.

"ఇందులో ఏముందో నాకు మాట మాటా విడదీసి చెప్పు."

మార్కెత్త కళ్ళజోడు సవరించుకుంది. "మొదటిదాంట్లో, ‘ఆరో నంబరు ఇంకా కన్ఫర్మ్ కాలేదు’ అని ఉంది. రెండోదాంట్లో, ‘ఆరో నంబరుని మేము కన్ఫర్మ్ చేస్తున్నాం’ అని వాళ్ళు."

"కన్ఫర్మ్ అంటే గట్టిచేయడమేనా?"

"మాటని గట్టిచేయడం. ‘అవును, అది అంతే, మాకు సమ్మతమే’ అని చెప్పడం."

"ఇనుముని?"

"ఇనుముని ఎలా కన్ఫర్మ్ చేస్తావు? అది విని తలూపుతుందా?"

తెర్తు పిల్లల కుర్చీలో కూలబడింది. "నేను రాసింది ఇనుము గురించి. లోపల పట్టీ వేసి గట్టిచెయ్యలేదు అని. అతను దాన్ని, మీరింకా సరే అనలేదు అన్నట్టు మార్చి పంపాడు. వాళ్ళు పాపం సరే అన్నారు. అతనొచ్చి షెడ్డులో ‘గట్టి అయింది’ అన్నాడు. మావాళ్ళు పట్టీ పడిందనుకుని మూత వేసేశారు."

మార్కెత్త ఫ్యాక్సు కాగితాలు మడిచి తెర్తు చేతికిచ్చింది. తర్వాత లేచి, ఆ రోజు చెప్పాల్సిన పాఠం పుస్తకం మూసేసి, నల్లబల్ల మధ్యలో ‘వహ్విస్తా’ అని పెద్దగా రాసి చుట్టూ సున్నా చుట్టింది. ఆ సున్నాలోంచి గీతలు లాగింది. కబురు నిజమని చెప్తే కన్ఫర్మ్. ఒక వస్తువుకి ఇంకోటి జతచేసి బలమిస్తే రీఇన్‌ఫోర్స్. ఉన్న బలాన్ని పెంచితే స్ట్రెంథెన్. సంతకంతో, ముద్రతో హామీ ఇస్తే సర్టిఫై. దేశాలు ఒప్పందాన్ని ఖాయం చేస్తే రాటిఫై. అలా గీతలు పెరుగుతూనే ఉన్నాయి.

"అబ్బో, ఒక్క తల్లికి ఇంత సంతానమా!" అన్నాడు వెనకనుంచి ఒక టాక్సీ డ్రైవరు.

"ఇంగ్లీషువాళ్ళకి ఆస్తి ఎక్కువ, పంపకాలు ఎక్కువ," అంది మార్కెత్త. "తెర్తూ, నీకు ఎన్ని కావాలి?"

"రెండు చాలు. కాని రెండూ తప్పు పోకూడదు."

మొదటిది ఆమె నోట ‘కన్వర్మ్’ అని వచ్చింది. ఆ వైపు పెద్దవాళ్ళందరికీ అంతే, ‘ఫ’ పలకదు.

"పై పళ్ళు కింది పెదవిమీద ఆనించు. గాలి ఊదు," అంది మార్కెత్త. "కొవ్వొత్తి ఆర్పినట్టు."

"కన్... ఫ్ఫ్... ఫర్మ్."

"ఇంకోసారి."

గంటన్నర ఆ రెండు మాటలే. టాక్సీ డ్రైవరు ఒకసారి స్కాట్లండువాడయ్యాడు, ఒకసారి యూర్కి అయ్యాడు. ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. కాగితమా, ఇనుమా? కాగితమా, ఇనుమా? ఎనిమిదో సారికి తెర్తు ఆలోచించకుండా జవాబు చెప్పింది.

ఇంటికి మంచుమీద జారే బండి తోసుకుంటూ వెళ్తుంటే, దారిపొడుగునా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఎదురుపడ్డ పొరుగింటావిడ, "ఏం తెర్తూ, ప్రార్థనా?" అంది.

"కాదు, క్రియలు," అంది తెర్తు.

*

ఇన్నెస్ బుధవారం పదింటికి వచ్చాడు. యాభై దాటిన పొట్టి మనిషి, ముక్కు చలికి కందిపోయి ఉంది. మెడలో టార్చి వేలాడుతోంది. మెళ్ళో టార్చి వేసుకు తిరిగేవాడు పనివాడే అయ్యుంటాడని స్టోర్ కిటికీలోంచి చూస్తూ తెర్తు అనుకుంది. ఆమె ముందు నాలుగు పెట్టెల వెల్డింగ్ కడ్డీలు ఉన్నాయి. ఒక పెట్టె సర్ది రెండోది తెరిచింది. కిటికీ బయట వాళ్ళు ఒకటో చేయి దాటారు. రెండు. మూడు. ప్రతిచోటా యూర్కి ఏదో చెప్పడం, ఇన్నెస్ వేళ్ళతో అతుకులు తడమడం, కాగితం మీద పొట్టి సంతకం పెట్టడం. వాళ్ళ వెనకాల కౌకో, చేతులు వెనక్కి కట్టుకుని.

నాలుగు. ఐదు.

తెర్తు చేతిలో కడ్డీ కట్ట ఉన్నచోటే పెట్టేసింది. ఆమెకి భయమేసింది. పెట్టె గురించి కాదు. పదిహేనుమంది ముందు మళ్ళీ నోరు తెరిచి, మళ్ళీ తప్పు మాట వస్తే? ఆ నవ్వులు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. ఐనా కాళ్ళు నడిచాయి.

ఆమె వెళ్ళేసరికి ఇన్నెస్ పెన్ను మూత తీసి ఉన్నాడు.

"తెర్తూ, ఇప్పుడు కాదు," అన్నాడు యూర్కి తమ భాషలో, ముఖాన నవ్వు చెదరనీయకుండా.

తెర్తు అతన్ని చూడలేదు. ఇన్నెస్‌నే చూసింది. పై పళ్ళు కింది పెదవికి ఆనించింది.

"ఆరో నంబరు," అంది ఇంగ్లీషులో. "కాగితం కన్ఫర్మ్ అయింది. ఇనుము రీఇన్‌ఫోర్స్ కాలేదు."

గ్రైండర్లు ఆగాయి. ఎవరు ఆపమన్నారో తెలియదు, షెడ్డంతా ఆగిపోయింది.

ఇన్నెస్ పెన్ను గాలిలోనే ఉంది. "ఇంకోసారి చెప్పండి."

చెప్పింది. ఈసారి అరచేతితో ముందు అతని చేతిలో కాగితాన్ని తాకి మొదటి మాట, తర్వాత పెట్టె మీద చెయ్యేసి రెండో మాట.

"మీరు చూశారా?"

"కిందటి మంగళవారం. లోపల ఏమీ లేదు."

"ఆ తర్వాత?"

"తెలియదు. నన్ను పిలవలేదు. తెరవాలి."

యూర్కి మధ్యలోకి వచ్చాడు. ఆమె ఇంగ్లీషు అంతగా బాగుండదనీ, ఆ రెండు మాటలూ తమ భాషలో ఒకటేననీ, ఆమె అనుకున్నది వేరనీ గబగబా చెప్పాడు. ఇన్నెస్ ఓపిగ్గా అంతా విన్నాడు.

"మీ భాషలో ఒకటే కావచ్చు," అన్నాడు. "నా భాషలో కాదు. ఈవిడ సరైనచోట సరైనది వాడింది. ఈ పొద్దుటినుంచీ నేను విన్న అన్నిటికన్నా స్పష్టమైన ఇంగ్లీషు ఇదే." పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

అతనేమన్నాడో కౌకోకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కాని పెన్ను జేబులోకి పోవడం చూశాడు. మోకాళ్ళ నొప్పులు మర్చిపోయినవాడిలా వెళ్ళి గ్రైండరు తెచ్చాడు. యూర్కి వైపు చూడనైనా చూడలేదు. "పక్కకి జరగండి, నిప్పురవ్వలు," అన్నాడు.

పదకొండు నిమిషాలు పట్టింది. మూత ఒక అంచున ఊడి వేలాడింది. ఇన్నెస్ మెడలో టార్చి తీసి తెర్తు చేతికిచ్చాడు. ఆమె వెలుగు లోపలికి వేసింది. కౌకో వంగి చూశాడు, తర్వాత ఇన్నెస్, తర్వాత యూర్కి.

నాలుగు గోడలు, వాటి మధ్య బోలు.

ఇన్నెస్ చొక్కా చెయ్యి పైకి మడిచి లోపలికి మోచేతిదాకా పెట్టి, అటూ ఇటూ ఆడించాడు. దేనికీ తగల్లేదు. "ఈ చేతికి వేలాడే పడవలో అరవై మంది కూర్చుంటారు," అన్నాడు, ఎవరినీ ఉద్దేశించకుండా. చెయ్యి బయటికి తీసి రుమాలుతో తుడుచుకున్నాడు. ఆ పని అయ్యాక తెర్తు వైపు తిరిగి ఆ చెయ్యే చాపాడు. తెర్తు తొడుగు తీసి కరచాలనం చేసింది.

యూర్కి ముఖం పెట్టెమీది రంగులాగే బూడిదగా అయింది. అతను చెడ్డవాడు కాదు. వెళ్ళి ఆఫీసులో తలుపేసుకోలేదు, సాయంత్రం షిఫ్టు మీదికి నెట్టెయ్యలేదు. కొంతసేపు ఆ బోలులోకే చూస్తూ నిలబడి, ముందు ఇంగ్లీషులో, తర్వాత అందరికీ వినపడేటట్టు తమ భాషలో అన్నాడు, "తప్పు నాది. తెర్తు సరిగ్గానే రాసింది. నేను తప్పుగా పంపాను."

ఆ ఊళ్ళో అలాంటప్పుడు ఎవరూ ఏమీ అనరు. కౌకో మాత్రం, "సరే, పట్టీ కోసుకొస్తాను," అన్నాడు.

*

గురువారం పొద్దున కౌకో తనే పెట్టెలో తలపెట్టి వెల్డింగ్ చేశాడు. కుర్రవాళ్ళు చేస్తామన్నా ఒప్పుకోలేదు. "మూత వేసింది నేను. నిండేదాకా నేనే," అన్నాడు. మధ్యాహ్నం అందరూ బఠాణీ సూపు తాగుతుండగా తెర్తు మాత్రం ఆరో చేతి దగ్గరే ఉంది. చల్లబడ్డ అతుకుని తుడిచి, ఎర్రద్రవం పూసి, గడియారం చూసుకుంటూ నిలబడి, మళ్ళీ తుడిచి, తెల్లపొడి చల్లింది. వెల్డింగులో వెంట్రుకవాసి చీలిక ఉన్నా తెల్లటి పొడిమీద ఎర్రగీత లేస్తుంది. పొడి తెల్లగానే ఉండిపోయింది. అంగుళం అంగుళం చూసింది. ఒకచోట అనుమానం వచ్చి మళ్ళీ మొదటినుంచీ చేసింది. రెండోసారీ తెలుపే.

మిగతా ఏడు చేతులకీ పక్కన చిన్న రంధ్రం వేయించి, టార్చి వేసి, ఇన్నెస్‌ని పక్కన పెట్టుకుని చూసింది. అన్నిట్లోనూ పట్టీలున్నాయి. ఒక్కో రంధ్రం దగ్గరా ఇన్నెస్ ఆమెని అడిగాడు, "రీఇన్‌ఫోర్స్ అయిందా?" ఆమె చూసి, తలెత్తి జవాబు చెప్పింది. ఆ తర్వాతే అతను సంతకం పెట్టాడు. ఏడోదానికి వచ్చేసరికి షెడ్డులో సగంమంది ఆ మాట నేర్చేసుకున్నారు. కౌకో కూడా మీసాల్లో గొణుక్కుంటూ నోరు తిప్పి చూసుకున్నాడు.

శుక్రవారం రేవులో బరువు పరీక్ష. గడ్డకట్టిన సముద్రం మీద ఎండ పడి కళ్ళు మిరుమిట్లు గొలుపుతోంది. ఆరో చేతిని గట్టు మీద బిగించి, కొక్కేనికి కాంక్రీటు దిమ్మలు ఒక్కొక్కటే తగిలించారు. నిండుపడవ బరువు వచ్చింది. ఆగలేదు. దానికి రెండింతలు చేశారు. గొలుసులు కిర్రుమన్నాయి. కొలత ముల్లు వణికి, కుదుటపడింది. తెర్తు ముల్లు ముందు నిలబడి ఉంది. పది నిమిషాలు, సముద్రంలో ఎక్కడో మంచు పగిలిన చప్పుడు ఒక్కటే వినిపించింది.

"టైము," అన్నాడు ఇన్నెస్.

ముల్లు ఉన్నచోటే ఉంది. దిమ్మలు దించేశాక తెర్తు పెట్టె అంచున తన ఉక్కు స్కేలు ఆనించి, ఎక్కడైనా వంగిందేమోనని ఒక కన్ను మూసి చూసింది. వెంట్రుక దూరేంత సందు కూడా లేదు. అప్పుడు తిరిగి, అందరికీ వినిపించేటట్టు, "గట్టిది!" అంది.

కౌకో టోపీ తీసి గాల్లోకి ఎగరేశాడు. తొడుగుల చేతులతో చప్పట్లు కొడితే శబ్దం మెత్తగా ఉంటుంది. ఐనా పదిహేనుమంది ఒక్కసారి కొట్టేసరికి గట్టు మీద వాలిన పక్షులన్నీ లేచిపోయాయి. తెర్తుకి ఎటు చూడాలో తెలియలేదు. చివరికి నవ్వేసింది. ఆమె నోరారా నవ్వడం చాలామంది అదే మొదటిసారి చూడడం.

ఇన్నెస్ మధ్యాహ్నం విమానానికి వెళ్ళాలి. రిపోర్టు అప్పుడే, అక్కడే కావాలన్నాడు. యూర్కి గట్టుమీద నిలబడే, కాగితం అట్టమీద పెట్టుకుని పెన్సిలుతో రాశాడు. రాసిన కాగితం ఇన్నెస్‌కి ఇవ్వలేదు. తెర్తు దగ్గరికి తెచ్చాడు.

"ఇది పంపే ముందు ఒకసారి చూస్తావా?" అన్నాడు. "ఇకనుంచి ఇనుము గురించి వెళ్ళే ప్రతి కాగితమూ చూడు. నీకు ఇబ్బంది లేకపోతే."

తెర్తు తొందరపడలేదు. తొడుగులు తీసి చంకలో పెట్టుకుంది. ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది. యూర్కి పక్కనే నిలబడ్డాడు. గాలికి టై భుజం మీదికి ఎగిరిపోతున్నా పట్టించుకోలేదు. మూడో వాక్యం దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ ఒకటే మాట ఉంది."

"కన్ఫర్మ్," అన్నాడు యూర్కి. "అది తప్పా?"

"తప్పు కాదు, సగం. రెండూ రాయి. ముందు ఇనుము, తర్వాత కాగితం."

యూర్కి ఆ మాట చెరిపేశాడు. పెన్సిలు పట్టుకుని ఆగిపోయాడు. రీఇన్‌ఫోర్స్ అన్నదాంట్లో అక్షరాలు ఏ వరసలో వస్తాయో అతనికి ఆ క్షణాన గుర్తు రాలేదు.

తెర్తు ఒక్కొక్క అక్షరమే చెప్తూపోయింది. అతను ఒక్కొక్కటే రాసుకున్నాడు.